నోటీసు బోర్డు మీది సంతకం

"ఇది ఎవలి సంతకం?"

బిక్షపతి అడగడం అది నాలుగోసారి. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, మొహమైనా కడుక్కోకుండా, మందుల కంపెనీ వాసన ఒంటి మీద ఉండగానే గడప లోపల కూలబడ్డాడు. చేతిలో కాగితం. నిన్న సాయంత్రం షిఫ్టు ఎక్కబోతుంటే బడి గుమాస్తా కంపెనీ గేటు దాకా వచ్చి మరీ ఇచ్చిపోయిన కవరులోని జిరాక్సు కాపీ. రాత్రంతా దాన్ని జేబులోంచి తీయడం, చూడడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం. ఆ మడతల దగ్గర అప్పుడే చిరుగు పట్టింది.

శ్యామలమ్మ స్టవ్వు ముందు నిలబడి ఉంది. పాలు పొంగి కిందికి కారుతున్నాయి. చూస్తూనే ఉంది, ఆపడం లేదు.

"నిన్నేనే! ఎవలి సంతకం గిది?"

"నీ పేరే ఉన్నది గదా."

"నా పేరున్నది. నేను లేను." బిక్షపతి కాగితాన్ని ఆమె మొహం దగ్గరికి తెచ్చాడు. "పదిహేనేండ్ల సంది కంపెనీ రిజిస్టర్ల తెలుగులనే పెడ్తున్న సంతకం. బి రాసి, చివర్ల కింద ఒక గీత గీసుడు. అంతకన్న నాకేమొస్తది? ఈడ సూడు, ఇంగిలీసుల, వంకర్లు తిప్పి, కింద రెండు సుక్కలు గూడ పెట్టిండు ఎవడో. ఇంత సోకైన సంతకం నాదా?"

సోకుగానే ఉంది మరి. అబద్ధమెందుకు, అటువంటి సంతకం ఆ గల్లీ మొత్తంలో ఎవరూ పెట్టలేరు. కొంప ముంచింది కూడా ఆ సోకే.

శ్యామలమ్మ స్టవ్వు ఆర్పింది.

"రాత్రి మా కెమిస్టు సారుతోని సదివిపిచ్చిన. ఏముందో ఎరికేనా? 'మా అమ్మాయి ఇంకొక్కసారి క్రమశిక్షణ తప్పితే, నా ఇష్టపూర్వకంగ ఆమెను బడి నుంచి తీసుకుపోతాను' అని రాసిన్నట. నా ఇష్టపూర్వకంగ! నా ఇష్టం నన్నడిగిన్రా ఎవలన్న?"

లోపలి గది గుమ్మంలో రాణి జడ అల్లుకుంటోంది. స్టాఫ్ రూముకు తాళం వేసిందని వారం రోజులుగా బడికి రానివ్వడం లేదు ఆ పిల్లను. అయినా ఇవాళ యూనిఫారం వేసుకుంది. తండ్రిని వెంటబెట్టుకు రమ్మన్నారు కాబట్టి. తన గురించి కాదన్నట్టు రిబ్బను ముడి వేస్తోంది గానీ ఆ ముడి మూడుసార్లు ఊడిపోయింది.

"ఎన్నడు రాసిన్రు గిది?"

"ఆగస్టుల."

"ఆగస్టుల రాస్తె నవంబర్ల నాకు తెల్వాల్నా? అదే బడిల నువ్వు ఆయాగ జేస్తవ్. పొద్దున్నే ఊడ్సేది నువ్వు, గంట కొట్టేది నువ్వు. నీ బిడ్డ రోజూ క్లాసు బయట నిలబడ్తుంటే సూసుకుంట ఊడ్సినవా?"

"సూసుకుంటనే ఊడ్సిన!" శ్యామలమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "దాని కాళ్ళు తప్పిచ్చి సుట్టూర ఊడ్సిన. ఏమనాల్నో తెల్వక జరుగు అన్న, గది జరిగింది. గింతే మేమిద్దరం మాట్లాడుకున్నది."

అవతల నాచారం రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొడుతూ వెళ్ళిపోయింది.

"నాకు చెప్తె ఏమైతుండె?"

"ఏం గాదు. అదే భయం."

"కొడ్తననుకున్నవా? ఎన్నడన్న చెయ్యి లేపిన్నా దాని మీద?"

"లేపలే. మాట బందు పెడ్తవ్." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "ఎనిమిదో తరగతిల ఎవలిదో టిఫిన్ డబ్బ దాసిపెట్టిందని నాలుగు నెలలు మాట్లాడలే దానితోని. ఒక్క ఇంట్ల ఉండి నాలుగు నెలలు! రెండు దెబ్బలేస్తె అన్న ఏడ్సి ఊకుంటుండె. ఇది సచ్చినట్టు తిరిగింది. మల్ల గా దినాలు సూడలేక చెప్పలే. తప్పే. అను."

బిక్షపతి కాగితం మడత విప్పాడు. సంతకం మీద వేలు పెట్టాడు.

"ఎవలు పెట్టిన్రు సంతకం? గదన్న చెప్పు."

శ్యామలమ్మ కళ్ళు పైకప్పు వైపు లేచి, వెంటనే దిగిపోయాయి. అది చాలు.

పైన ఇంటివాళ్ళుంటారు.

ఆమె గోడకు తగిలించిన తాళాల గుత్తి తీసుకుని కొంగున చుట్టుకుంది. ఎనిమిదికల్లా బడి తలుపులు తీయాలి. గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"మేడం అడిగితే నాది కాదనే చెప్పు. కాగితం చెల్లది. పిల్ల పేరు పదో తరగతి పరీక్ష లిస్టుల ఉంటది. నా కొలువు పోతె పోనియ్యి, ఇంకేడన్న బోళ్ళు తోముకుంట పాసిపని జేస్త."

ఆ మాట అన్నంత తేలిక కాదు. ఆయా బిడ్డ కాబట్టే రాణి ఆ బడిలో సగం ఫీజుతో చదువుతోంది. అది ముగ్గురికీ తెలుసు.

*

చలపతిరావు ముప్పై నాలుగేళ్ళు సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. గుడివాడ వైపు మనిషి. నాచారంలో ఇల్లు కట్టుకుని కింది రెండు గదులూ బిక్షపతికి అద్దెకిచ్చాడు. మంచివాడు. మంచివాళ్ళతో ఒక చిక్కుంది, అడిగిన దానికంటే ఎక్కువ చేస్తారు.

ఆగస్టులో హెడ్‌మిస్ట్రెస్ పద్మావతి మేడం శ్యామలమ్మతో అన్నది ఇంతే. "మీ ఆయన చేత రెండు ముక్కలు రాయించుకురా. ఇకమీదట పిల్ల బుద్ధిగా ఉంటుందని."

రెండు ముక్కలే! కానీ రిటైరయ్యాక చలపతిరావు చేతికి ఒక్క డ్రాఫ్టూ రాలేదాయె. పాపం, ఆ మధ్యాహ్నం ఎంత సంబరపడ్డాడని! తెల్ల కాగితం మీద మార్జిన్ గీశాడు. పేజీ నిండా ఇంగ్లీషు రాశాడు. "ఫెయిలింగ్ విచ్" అంటూ చివర ఒక పేరా చేర్చాడు. మాట తప్పితే ఏమవుతుందో రాయకపోతే ఆఫీసు ఉత్తరానికి నిండుదనం రాదని ఆయన నమ్మకం. భార్య రాజ్యానికి మూడుసార్లు చదివి వినిపించాడు. కింద బిక్షపతి షిఫ్టు దిగి నిద్రపోతున్నాడు. ఒక్క సంతకం కోసం మనిషిని లేపడమెందుకని అదీ ఆయనే పెట్టేశాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఇవాళ ఆ పేరాయే పిల్ల మెడకు చుట్టుకుంది.

బిక్షపతి మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. రాజ్యం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కాగితం చూడగానే ఆయన చేతిలో పేపరు కిందికి జారింది.

"దాన్ని... దాన్ని నిజంగా వాడారా?"

"వాడిన్రు సారు."

"అది మామూలుగా రాసే మాటయ్యా. ఆ పేరా లేకపోతే కాగితానికి బలం ఉండదు."

"బలం మస్తుగున్నది సారు. మా ఇల్లు కూలేటంత ఉన్నది."

చలపతిరావు తల దించుకున్నాడు. కొంచెంసేపటికి లేచాడు. "నేనొస్తాను పద. నేనే రాశానని చెప్తాను. నాకేం భయం?"

"కూర్చోండి." రాజ్యం గొంతు పెద్దది చేయలేదు. చిక్కుడుకాయ విరిచి గిన్నెలో వేసింది. "ఒకరి సంతకం ఇంకొకరు పెడితే దాన్నేమంటారో మీకు నేను చెప్పాలా? ఆ మేడం పోలీసు కంప్లైంటంటే పెన్షన్ ఏమవుతుంది? మీ బీపీ మాత్రలెవరు కొంటారు?"

"అది కాదు రాజ్యం..."

"ఏవయ్యా బిక్షపతీ, నువ్వే చెప్పు. మీ ఆవిడ ఏడుస్తూ వస్తే సాయం చేశాం. సాయానికి శిక్షా?"

బిక్షపతికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆమె ముందున్న స్టీలు గిన్నె తమ ఇంటిదే. నిన్న రాత్రి పచ్చిపులుసు పోసి శ్యామలమ్మ పంపిన గిన్నె. కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు అతనికి.

"లేదమ్మా. సాయమే చేసిన్రు."

చలపతిరావు గొంతు తగ్గించాడు. "పోనీ నీదే అనేయకూడదూ? ఎవరికీ గొడవ ఉండదు. ఏడాదేగా, పై ఏడాది మార్చిలో ప్రైవేటుగా కట్టి రాస్తుంది. లోకం మునిగిపోదు."

"మా తాన ప్రైవేటుగ కడ్త అన్నోళ్ళు ఎవలు కట్టిన్రు సారు?" బిక్షపతి మెల్లగా అన్నాడు. "మా అక్క బిడ్డ గిట్లనే ఆగింది. ఒక్క ఏడాది అన్నరు. కాలీగెందుకు ఉండాలె అని మాత్రల ప్యాకింగుకు పంపిన్రు. ఆరేండ్లాయె. ఇంక గాడనే ఉన్నది. నేను మందులు కలిపే రియాక్టర్లు కడిగేటోన్ని. నా బిడ్డ తెల్లకోటు ఏసుకొని ల్యాబుల నిలబడాల్నని నాకు పిచ్చి. డిప్లొమా చదవాల్నంటె ముంగట పది కావాలె గదా."

చలపతిరావు జేబులోంచి కలం తీసి మూత విప్పాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ విప్పాడు. రాజ్యం ఈనెలు తీయడం ఆపలేదు గానీ మంచి ముక్కలు చెత్తలోకీ, ఈనెలు గిన్నెలోకీ వేస్తోంది.

బిక్షపతి దిగివచ్చేసరికి మెట్ల కింద రాణి నిలబడి ఉంది. అంతా విన్నదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

*

బడి ఉప్పల్ వెళ్ళే దారిలో. ఆటో ఎక్కకుండా ఇద్దరూ నడిచారు. అతను ముందు, ఆమె నాలుగడుగులు వెనక. ఇండస్ట్రియల్ ఏరియా గోడ పొడుగునా మాటల్లేవు. పొద్దుటి షిఫ్టుకు పోయే బళ్ళు పక్కనుంచి దుమ్ము లేపుతూ పోతున్నాయి.

శ్యామలమ్మ అన్న నాలుగు నెలల మాట అతని మెదడులో తిరుగుతోంది. చివరికి ఆగాడు.

"తొమ్మిదిల లెక్కలల్ల డెబ్బై ఒకటొచ్చినయి. ఇప్పుడు పంతొమ్మిది. ఎట్లొచ్చె?"

తండ్రి తనతో మాట్లాడుతున్నాడని అర్థం కావడానికి రాణికి కొంచెం సమయం పట్టింది.

"క్లాసుల ఉంటే గద నాయినా."

"ఎందుకు బయటికి పంపుతరు? ఏమన్న జేస్తెనే గదా."

"జేస్త." ఆ పిల్ల దాచలేదు. "సారు బోర్డు దిక్కు తిరగంగనే ఆయన లెక్కనే దగ్గుత. అందరు నవ్వుతరు. నవ్వితే మస్తుగనిపిస్తది. బయటికి పంపుతడు. తెల్లారి క్లాసుల కూసుంటే నిన్న చెప్పింది తెల్వది, ఇయ్యాల్టిది సమజ్ గాదు. ఊకె కూసోలేక మల్ల దగ్గుత. మల్ల పంపుతడు. జూన్ల మొదలైంది. నాకు క్వాడ్రాటిక్ ఈక్వేషన్లంటే ఏందో తెల్వది నాయినా. ఆ పాఠమప్పుడు నేను బయటనే ఉన్న."

"బయట నిలబడి వినకపోయినవా?"

"వినబడది. బోర్డు గూడ కనబడది. ఎదురుంగ నోటీసు బోర్డు ఒక్కటే కనబడ్తది."

బిక్షపతి మళ్ళీ నడక మొదలుపెట్టాడు. ఈసారి పిల్ల పక్కకు వచ్చేదాకా అడుగు తగ్గించాడు.

"మరి స్టాఫ్ రూముకు తాళమెందుకేసినవ్?"

రాణి రిబ్బను కొస లాగి వేలికి చుట్టుకుంది.

"క్వార్టర్లీ పేపర్లిచ్చిన దినం. లెక్కల విజయభాస్కర్ సారు అమ్మను క్లాసులకు పిలిచిండు. బోర్డు తుడువుమన్నడు. అమ్మ తుడుస్తుంటే నా పేపరు తీసిండు. 'శ్యామలమ్మా, మీ అమ్మాయికి నూటికి పంతొమ్మిది. నువ్వే చెప్పు ఏం చేయమంటావో' అన్నడు అందరి ముంగట. నాకు సిగ్గొస్తదని, బుద్ధొస్తదని అన్నడు గావచ్చు. అమ్మ ఏమనలే. తుడిసిన బోర్డే మల్ల తుడిసింది. తుడుస్తనే ఉన్నది నాయినా. గంట కొట్టే టైం దాక పోలే."

ఆమె కాలికి తగిలిన రాయిని పక్కకు తన్నింది.

"నన్ననని. ఆమెనెందుకనాలె? తెల్లారి అమ్మ గుత్తిలకెల్లి తాళం తీసి ఆయన లోపట ఉండంగ ఏసిన. గంటసేపు తలుపు కొట్టిండు. ఆ దినం స్పెషల్ క్లాసు పోయింది అందరిది. గది తప్పే. మంచిగ చదివేటోళ్ళు గూడ నన్ను తిట్టిన్రు."

తండ్రి ఏదైనా అంటాడని ఎదురుచూసింది. బిక్షపతికి చాలా అనాలని ఉంది. అతనికి తెలిసిన మాటలన్నీ రియాక్టర్లు కడిగే మాటలు. చేయి చాచి ఆమె పుస్తకాల సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

*

గేటు దాటేసరికి గంట మోగింది. వరండా దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాని ముందు శ్యామలమ్మ, చేతిలో ఇనుప కడ్డీ. కూతుర్నీ భర్తనూ చూసింది. చూడనట్టే కడ్డీ మూలన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పదో తరగతి గది ఎదుట అద్దాల నోటీసు బోర్డు. అందులో మూడు నెలల నాటి కాగితానికి జిరాక్సు. చలపతిరావుగారి మార్జినూ, ముత్యాల్లాంటి అక్షరాలూ, చివర బిక్షపతి పేరు. మిగతా పిల్లలకు బుద్ధి రావాలని మేడమే అంటించిందట. అద్దం మీద వేలిముద్ర కూడా లేదు. రోజూ తుడిచేది శ్యామలమ్మ.

బిక్షపతి ఆ పేరు వైపు చూస్తూ నిలబడిపోయాడు. తనకు తెలియకుండా మూడు నెలలపాటు తన పేరు ఇక్కడ నిలబడి ఉంది. దాని ఎదురుగా బిడ్డ.

పదిన్నర దాకా వరండాలోనే నిలబెట్టాక, ఆఫీసు గదిలోకి పిలిచి పద్మావతి మేడం కూర్చోమంది. బల్ల మీద పొడవాటి కాగితాలు. పదో తరగతి పరీక్షకు పంపే పేర్ల పట్టిక, నామినల్ రోల్. నలభై రెండు పేర్లు టైపు చేసి ఉన్నాయి. నలభై మూడో వరుస ఖాళీ.

"ఇవాళ సాయంత్రంలోగా ఇది వెళ్ళిపోవాలి బిక్షపతిగారూ. మీకు నేను శత్రువును కాను. మూడేళ్ళుగా మా బడిలో పదో తరగతి ఒక్కరూ తప్పలేదు. అద్దె బిల్డింగు, పక్కన ఏసీ బస్సులున్న స్కూళ్ళు వస్తున్నాయి. నాకున్నదల్లా ఆ ఫలితమే. ఒక్క పిల్ల అల్లరి వల్ల లెక్కల్లో మూడు పాఠాలు వెనకబడ్డాం. మిగతా నలభై రెండు మంది తల్లిదండ్రులకు నేనేం చెప్పను?"

అందులో అబద్ధమేమీ లేదు.

"మీరే రాసిచ్చారు, మాట తప్పితే మీ ఇష్టంతో తీసుకుపోతామని. నేను కొత్తగా ఏమీ అడగడం లేదు." ఆమె ఫైల్లోంచి అసలు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మీ సంతకమేగా?"

శ్యామలమ్మ టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ట్రేలో రెండు కప్పులు. అక్కడే ఆగిపోయింది.

అవునంటే బిడ్డ పేరు పోతుంది. కాదంటే భార్య కొలువు పోతుంది, పైనున్న ముసలాయన పోలీసు మెట్లెక్కుతాడు. బిక్షపతి కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. నోరు తెరిచాడు.

"ఆ సంతకం నేనే పెట్టిన మేడం."

రాణి. గోడ పక్కన నిలబడి, చేతులు కట్టుకుని.

"రాణీ, ఊరుకో," అన్నాడు బిక్షపతి.

"కాగితం గూడ నేనే రాసిన. నాయినకు తెల్వది. అమ్మకు తెల్వది. నాయిన రాసిచ్చిండని అబద్ధం చెప్పి అమ్మ చేతికిచ్చిన."

పద్మావతి మేడం కళ్ళద్దాలు తీసింది. "ఈ ఇంగ్లీషు నువ్వు రాశావా? క్వార్టర్లీలో నీకు ఇంగ్లీషులో ఎన్నొచ్చాయి?"

"ముప్పై ఒకటి."

"అబద్ధానికైనా హద్దుండాలి." మేడం ఉత్తరాన్ని బోర్లించి, పక్కనుంచి ఒక తెల్ల కాగితం తీసి జరిపింది. "ఇదిగో పెన్ను. రాయి చూద్దాం. మొదటినుంచి."

శ్యామలమ్మ ట్రేను ద్వారబంధానికి ఆనించి పట్టుకుంది.

రాణి కుర్చీ లాక్కోకుండా నిలబడే వంగి రాసింది. మార్జిన్ గీసింది. తేదీ వేసింది. మొదటి వాక్యం, రెండోది, మూడోది. ఎక్కడా ఆగలేదు, పైకి చూడలేదు. "ఫెయిలింగ్ విచ్" దగ్గరికి వచ్చి, చలపతిరావుగారు ఎక్కడ కొత్త పేరా మొదలుపెట్టారో తనూ అక్కడే మొదలుపెట్టింది. చివరికి తండ్రి పేరు రాసి, కింద రెండు చుక్కలు పెట్టింది.

మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వేలితో పంక్తి పంక్తీ చదివింది. చేతిరాత వేరు. మాటలు మాత్రం ఒక్కటి పొల్లుపోలేదు. కామాలు కూడా.

నోటీసు బోర్డు ఒక్కటే కనబడ్తది అన్న మాట బిక్షపతి చెవిలో మోగింది. మూడు నెలలు చదివింది నా బిడ్డ! ఎవరూ పాఠం చెప్పకుండా, గోడ మీద ఉన్న ఒక్క కాగితాన్నే చదివి ఒంట పట్టించుకుంది. అందులో ఉన్నది తనను గెంటేసే మాటలే. ఏడుపూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి అతనికి.

పద్మావతి మేడం రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఆమెకూ ఏదో అర్థమైంది. కానీ పట్టికలో ఖాళీ వరుస వైపు చూసి, అర్థమైనదాన్ని పక్కన పెట్టింది.

"సరే. అదే నిజమైతే సంగతి ఇంకా పెద్దది." ఇంకో తెల్ల కాగితం బిక్షపతి ముందుకు జరిపింది. "ఈ సంతకం నాది కాదు, నా కూతురు పెట్టింది అని రాసి సంతకం చేయండి. మిగతాది నేను చూసుకుంటాను."

"రాయి నాయినా," అంది రాణి. "ఎట్లైన నన్ను తీసేస్తరు. అమ్మ కొలువన్న ఉంటది. పైన సారు మంచోడు."

చివరి మాట చాలా చిన్నగా అన్నది. మేడం వినలేదు. బిక్షపతి విన్నాడు.

అతను పెన్ను తీసుకున్నాడు. తెలుగులో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు.

ఈ సంతకం నాది కాదు.

ఆగాడు. చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు. మళ్ళీ వంగాడు.

నా బిడ్డది కూడా కాదు.

కింద ఎప్పటిలా బి రాసి, గీత గీశాడు.

మేడం చదివింది. "మరి ఎవరిది?"

బిక్షపతి పెన్ను మూత పెట్టి ఆమె ముందుకు జరిపాడు. రాణి ఏడవడం మొదలుపెట్టింది. వారమంతా ఏడవని పిల్ల.

గుమ్మంలోంచి శ్యామలమ్మ లోపలికి వచ్చింది. ట్రే బల్ల మీద పెట్టింది. కొంగు ముడి విప్పి తాళాల గుత్తి తీసి ట్రే పక్కన పెట్టింది. ఆఫీసుది, ల్యాబుది, స్టాఫ్ రూముది, పదమూడు తాళాలు.

"తెచ్చింది నేను మేడం. ఆయనది కాదని ఎరికయ్యే తెచ్చిన. రాసినోళ్ళ పేరు అడుగకుండ్రి, చెప్ప. వాళ్ళు మేలనుకొని రాసిన్రు."

"శ్యామలా! దొంగ సంతకమని తెలిసే తెచ్చానంటున్నావు. ఈ మాటకు నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదు. తాళాలు అందుకే పెట్టిన."

పద్మావతి మేడం గుత్తి వైపు చూసింది, ముట్టుకోలేదు. పిల్ల రాసిన కాగితం, తండ్రి రాసిన కాగితం, చలపతిరావు రాసిన కాగితం, మూడూ ఆమె ముందే ఉన్నాయి. వాటి పక్కన ఖాళీగా నలభై మూడో వరుస.

మేడ మీద ఎక్కడో బెంచీలు కదిలాయి. పిల్లల గోల సన్నగా మొదలై పెద్దదవుతోంది. మేడం గడియారం చూసి ఉలిక్కిపడింది. పదకొండూ పది. ఇంటర్వెల్ గంట కొట్టే వేళ దాటి పది నిమిషాలైంది. విజయభాస్కర్ మేష్టారు కాబోలు, వరండా చివర నుంచి "శ్యామలమ్మా, గంట!" అని కేకేశాడు.

"ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం," అంది మేడం. "ముందు పోయి గంట కొట్టు."

శ్యామలమ్మ కదల్లేదు. పదేళ్ళలో ఆ గదిలో ఎన్నడూ కుర్చీ వైపు చూడని మనిషి, కుర్చీ వెనుక భాగం మీద చెయ్యి వేసి నిలబడింది.

"కొలువు లేనిదాన్ని, గంటెట్ల కొడ్త మేడం?"

"శ్యామలా..."

"నా బిడ్డ పేరు ఎక్కియ్యుండ్రి. కొడ్త. తర్వాత గేటు దాటి పోత, మల్ల రాను." ఆమె వేలితో నలభై మూడో వరుస చూపించింది. ఇంగ్లీషు రాకపోయినా ఖాళీ ఎక్కడుందో ఆమెకు తెలుసు. "అందాక పిల్లలు కూసుంటరు. నా బిడ్డ ఆ కాగితం ముంగట మూడు నెలలు నిలబడ్డది."